గ్రేడు

గంటకు ఇరవై రెండు డాలర్లిస్తారు
కడుపు పట్టుకుని మూలిగినందుకు.
రిజైనాలో పరీక్షల భవనం, నాలుగో అంతస్తు,
ఆరో నంబరు గది నాది.
ఆ పూట నేను వాల్టర్ హ్రిత్సాక్‌ని కాదు,
పిత్తాశయంలో రాళ్లున్న యాభై ఐదేళ్ల ప్లంబర్ని.
ఆ వయసు విని మా ఆవిడ ఒకటే నవ్వు.

నొప్పి కుడివైపు, పక్కటెముకల కింద.
రాత్రి వేపుడు తిన్నానని
అడిగితేనే చెప్పాలి.
అడక్కపోతే నోరు మెదపకూడదు.

బయట బెల్లు మోగుతుంది. పదకొండు నిమిషాలు.
మనీలాలో వేలమందికి పురుడు పోసినవాడు వస్తాడు,
లాహోర్‌లో ఎముకలు అతికించినావిడ వస్తుంది,
అందరిదీ ఒకే ప్రశ్న,
ఒక్కో నాలుక మీద ఒక్కోలా ఒరిగి.
మూలన కూర్చున్న పరీక్షకుడు టిక్కులు పెడతాడు,
పలకరింపుకైనా తలెత్తడు.

నేను వాళ్ల పక్షమే అనుకోకండి.
ముప్పై ఎనిమిదేళ్లు ధాన్యం గిడ్డంగిలో
గోధుమలకు గ్రేడు వేసినవాణ్ణి.
దోసిట్లో పోసి, ఊది, పంట కింద కొరికి,
జల్లెడ పట్టి, తూచి,
"మూడో రకం" అన్నప్పుడు
ఎందరి మొహాలు మాడిపోయాయో నాకు తెలుసు.
మంచు కొట్టిన గింజ పైకి నిగనిగలాడుతుంది,
పిండి పట్టిస్తే గాని బయటపడదు.
తాలు రొట్టెలోకి పోతే తినేది ఎవరి పిల్లలో!
జల్లెడ వద్దని నేననను.

కాకపోతే జల్లెడ కంతకు ఒకటే కొలత.
దానికి తెలిసిందీ అంతే.

పొద్దున కాఫీ వరసలో ఒకామె మాట చెవిన పడింది.
ఒమ్‌దుర్మాన్‌లో తన కాలేజీ రికార్డుల గది కాలిపోయిందట.
పట్టా నిజమేనని అక్కణ్నుంచే ఉత్తరం రావాలట.
రెండేళ్లు తిరగ్గా తిరగ్గా
కైరోలో తలదాచుకున్న ముసలి రిజిస్ట్రారు
వంటింటి బల్ల మీద సంతకం పెట్టాడట.
నవ్వుతూనే చెప్పింది, చక్కెర కలుపుకుంటూ.

మూడింటికి ఆమే నా గదిలోకి వచ్చింది.
"నేను డాక్టర్ రిహాబ్..." అని ఆగి,
"క్షమించండి, పదిహేడు" అంది.
అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకుంది.
(దానికీ ఒక మార్కు ఉందట.)
కడుపు నొక్కింది. చెప్పిన చోటే మూలిగాను.
తర్వాత నా మణికట్టు పట్టుకుంది.

మిగతావాళ్లు పావు నిమిషం లెక్కపెట్టి వదిలేశారు.
ఆమె వేళ్లు వదల్లేదు.
పెదవుల మీద తన భాషలో అంకెలు,
చూపు గోడ గడియారం మీద,
ఆ తర్వాత నా మీద.
ప్లంబరు మీద కాదు, నా మీద.

"మీ నాడి తడబడుతోంది.
ఇది నటన కాదనుకుంటాను."

కాగితంలో ఆ మాటకు జవాబు లేదు.
పరీక్షకుడి పెన్ను గాల్లోకి లేచి
ఎక్కడ వాలాలో తెలియక అక్కడే ఉండిపోయింది.
నోరు తెరిచాను, మూశాను.
బెల్లు.
వేపుడు సంగతి ఆమె అడగనే లేదు.

మా ఊరి క్లినిక్ తలుపుకు మూడేళ్లుగా ఒకటే కాగితం:
డాక్టరు లేరు.
నూట పది కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్లి
మూస్ జాలో ఏడు గంటలు కూర్చున్నాను.
కుర్ర డాక్టరు పొడవాటి కాగితం చుట్ట విప్పాడు.
చిన్నచిన్న గుట్టలు, ఎడం సరిగా లేని గుట్టలు.
"ఇంకొన్నాళ్లాగితే పక్షవాతమే.
ఎవరు కనిపెట్టారు?"

పేర్లు బయటపెట్టనని సంతకం చేసినవాణ్ణి.
"పదిహేడు" అన్నాను.
అతను ఆ అంకెను నా చీటీ మీద రాయబోయి ఆగాడు.

ఆమె గట్టెక్కిందో లేదో
మాకు చెప్పరు.

అక్టోబరులో మళ్లీ పిలుపొచ్చింది.
ఫారంలో ఈసారి కొత్త ప్రశ్న:
మీకు నిజంగా ఏదైనా జబ్బుందా?
ఉందని రాశాను.
ప్రామాణిక రోగిగా నేను పనికిరానని
ఉత్తరం వచ్చింది, మర్యాదగానే.

క్లినిక్ తలుపు మీద కాగితం ఇంకా ఉంది.
మంచు కరిగి అక్షరాలు కారిపోతే
ఎవరో పెన్ను తెచ్చి
మళ్లీ దిద్దారు.